మూత పెట్టి తీసిన ఫోటోలు

ఈ కెమెరా ఇప్పుడు పగలు దేనికీ పనికిరాదు.
షార్జా రోల్లాలో, గడియారాల షాపు వెనక గదిలో
రొమెల్ అనే ఫిలిప్పీనో
పదకొండు స్క్రూలు విప్పి
సెన్సర్ ముందున్న నీలిపచ్చ గాజుని
చేప పొలుసులా ఊడదీశాడు.
"మనిషి తోలు మనిషి తోలులా పడాలని
కంపెనీ పెట్టిన అద్దం ఇది.
ముదురెరుపుని లోపలికి రానివ్వదు.
తీశాక నన్ను తిట్టొద్దు" అన్నాడు.

తిట్టలేదు.
ఉగాదికి రూములో తీసిన ఫోటోలో
ఎనిమిది మందిమీ ఇటుకబట్టీలోంచి లేచొచ్చినట్టున్నాం.
గంగమోహన్ ఇంటికి పంపితే
వాళ్ళావిడ అడిగిందట:
అందరికీ ఒకేసారి జ్వరమా?

నాది నీళ్ళ ట్యాంకరు.
మదీనత్ జాయెద్‌లో నింపుకుని, లివా రోడ్డు దిగి,
టైర్లలో గాలి సగం తీసి
ఇసుకలో ఒంటెల అజ్బాలకి తోలతాను.
ఆఖరి ట్రిప్పు సూడానీ ఇద్రీస్ కాసే అజ్బాకి.
ఇంజన్ ఆపేస్తాను.
నీళ్ళు వాటి బరువుకి అవే దిగుతాయి.
తొట్లు నిండేదాకా రెండు గంటలు,
ఆ రెండు గంటలూ కంపెనీ లెక్కలో లేవు.

ధ్రువుణ్ణి వెతికి ట్రాకర్ బిగిస్తాను.
ఉత్తరాన హబ్షాన్ గ్యాస్ మంట
ఆకాశానికి మామిడితాండ్ర పూస్తూనే ఉంటుంది.
అందుకే ఈ ఫిల్టరు,
రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది,
రెండు నెలల ఓవర్‌టైము.
కంటికి ఆనిస్తే నల్లరాయి.
ఏడు నానోమీటర్ల సందు దానికి,
మా క్యాంపు గేటు దగ్గరి పఠాన్ లాంటిది:
మంటకి లేదు, వీధిదీపానికి లేదు,
చంద్రుడొచ్చినా సవాలక్ష అడుగుతుంది.
హైడ్రోజన్ ఒక్కదానికే పాసు,
పదమూడు వందల ఏళ్ళ కింద బయల్దేరిన ఎరుపుకి.

ఐదు నిమిషాలకో ఫ్రేము.
రాత్రికి పదిహేను దాటవు.
ఒక్కోటీ చూస్తే మాడిన కుండ అడుగు, అంతే.
పదకొండు రాత్రులు ఒకదానిమీద ఒకటి పేర్చాలి.

"మా దిక్కు ఆ మూడు చుక్కల్ని గొల్లకావడి అంటారు"
వచ్చీరాని అరబ్బీలో చెప్పాను:
గొల్లవాడు, కర్ర, రెండు పక్కలా కుండలు.
ఇద్రీస్ తన నడుము తట్టుకున్నాడు.
నితాఖ్. నడికట్టు.
ఒకరికి భుజం, ఒకరికి నడుము.
వేలు మాత్రం ఇద్దరిదీ అడుగు చుక్క దగ్గరే ఆగింది.

పదకొండో రాత్రి ట్యాంకరు మెట్టు మీద లాప్‌టాప్ తెరిచాను.
ఎర్రటి పొగ, అందులో నల్లగా పొడుచుకొచ్చిన తల.
"గుర్రం అంటారు దీన్ని."
ఇద్రీస్ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.
గుర్రమా? ఆ కింది పెదవి చూడు.
నాఖా ఇది, ఆడ ఒంటె.
నీళ్ళ వాసన పట్టి మెడ ఎత్తింది.

వాదించలేదు. ముప్పయ్యేళ్ళ నుంచి
చీకట్లో మెడలు చూసి పేర్లు చెప్పే మనిషి.
పైగా ఆ మాటల్లో తొట్టి పొర్లిపోయింది.
మంద లేచొచ్చింది.
పిల్ల ఒంటె ఒకటి ట్రైపాడ్ కాలు నాకింది.
ఆ రాత్రి పదమూడో ఫ్రేములో
చుక్కలన్నీ వానపాముల్లా మెలితిరిగాయి.
లెక్కలోంచి తీసేశాను, కార్డులోంచి తీసెయ్యలేదు.

చివర్న మూత పెట్టి ఇరవై తియ్యాలి.
అంతే సేపు, అంతే వేడిలో, ఉత్త చీకటిని.
అందులో మెరిసే చుక్కలు ఆకాశానివి కావు,
కెమెరా ఒంటివి.
వాటిని ఏరి, అసలు బొమ్మలోంచి తీసివెయ్యాలి.

"మూసి ఎందుకు తీస్తున్నావ్?" అన్నాడు ఇద్రీస్.
నా అరబ్బీలో ఉన్నది ఒకటే మాట.
హరారా, అన్నాను. వేడి.
లోపలి వేడి. పోవాలి.

అతను నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.
గుడారంలోకి వెళ్ళి
రెండు పనడాల్ బిళ్ళలు, గ్లాసుడు నీళ్ళు తెచ్చాడు,
నేను తెచ్చిన నీళ్ళే.

మింగాను.
ఇంకా పద్నాలుగు ఉన్నాయి, మూత పెట్టి తియ్యాల్సినవి.